జున్ను గడప ముందే ఎందుకు పోసింది?

మీ ఇంట్లో కుక్కపిల్ల నేల మీద మూత్రం పోసిన క్షణంలో మీరు మొదట వెతికేది గుడ్డనా, కట్టెనా, కారణాన్నా?

మొదటి రెండింటిలో ఏదో ఒకటని చాలామంది నిజాయితీగా ఒప్పుకుంటారు. మూడోదాన్ని వెతకడమే తొమ్మిదేళ్ల పాటు నా ఉద్యోగం. జనగామలోని ఒక పెంపుడు జంతువుల దుకాణం తరఫున జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో స్కూటీ మీద ఇల్లిల్లూ తిరిగి, చిన్న జాతి కుక్కపిల్లలకు ఇంటి అలవాట్లు నేర్పేదాన్ని. ముప్పై మూడేళ్లకే విరమణ ఏమిటని మీరు అడగవచ్చు. కుక్క బొచ్చు నా ఊపిరితిత్తులకు పడదని వైద్యులు తేల్చారు. అది తేలడానికి తొమ్మిదేళ్లు పట్టడం వైద్యుల జాప్యమా, నా తుమ్ములను నేనే లెక్కచేయకపోవడమా అన్నది వేరే చర్చ. ఆ చర్చలో నేను ఓడిపోతాను కనుక ఇక్కడ దాన్ని చేపట్టను.

నా స్థానంలోకి ఇద్దరు అమ్మాయిలు వస్తున్నారు. వారికోసం, వారి తర్వాత వచ్చేవారి కోసం ఇది రాస్తున్నాను. డిగ్రీ చదివినన్నాళ్లూ నేను కాలేజీ వాదవివాద పోటీల్లో పాల్గొన్నాను. ప్రతి మాటకూ ఆధారం అడగడం అక్కడే అలవాటైంది. ఆ అలవాటు ఈ వృత్తిలో నాకు ఎంత ఉపయోగపడిందో అంత నష్టమూ చేసింది. రెండూ చెబుతాను.

ఈ పని నిజంగా ఏమిటి

బయటినుంచి చూస్తే ఇది కుక్కలకు పాఠం చెప్పే పని. లోపలికి వచ్చాక, కుక్కకు చెప్పాల్సింది కొంచెమేననీ, ఇంట్లోవాళ్లను ఒప్పించాల్సిందే ఎక్కువనీ తెలుస్తుంది.

కుక్కకు చెప్పాల్సిన ఆ కొంచెం ఇది. చిన్న పిల్ల ఎక్కువసేపు ఆపుకోలేదు. నిద్ర లేచిన వెంటనే, తిన్న కాసేపటికి, ఆడి అలసిన తర్వాత దానికి అవసరం వస్తుంది. ఆ మూడు వేళల్లోనూ దాన్ని ఒకే చోటికి తీసుకెళ్లాలి. పని పూర్తయ్యాక, అక్కడే, అప్పుడే మెచ్చుకోవాలి. ఇంట్లోకి వచ్చాక బిస్కెట్ పెడితే, అది ఇంట్లోకి వచ్చినందుకు దక్కిన బహుమతి అనుకుంటుంది. లోపల తప్పు జరిగితే మాట్లాడకుండా తుడవాలి. ఫినాయిల్ మన ముక్కును మాత్రమే మోసం చేస్తుంది. దాని కింద దాగిన పాత వాసనను కుక్క హాయిగా పసిగట్టి మళ్లీ అక్కడికే వస్తుంది. అందుకే వెనిగర్ కలిపిన నీళ్లతో రెండుసార్లు కడగాలి. పద్ధతి ఇంతే. అయినా ఇంతేనంటే నమ్మే ఇల్లు నాకు అరుదుగా కనిపించింది.

చాలా ఇళ్లలో పిల్ల ముక్కును దాని మూత్రంలోనే రుద్దుతారు. ఈ విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు: అది శిక్షణ కాదు, మన కోపాన్ని మనం చల్లార్చుకోవడం. దానివల్ల పిల్ల నేర్చుకునేది ఒక్కటే, మనిషి చూస్తుండగా పోయకూడదని. ఆ మర్నాటి నుంచి అది బీరువా వెనక్కి వెళ్తుంది. అప్పుడు ఇంటివాళ్లు దానికి కపటం వచ్చిందంటారు. ఆ విద్య నేర్పింది ఎవరు?

చిట్యాలలో ఒక ఇంట్లో పగ్ జాతి కుక్కపిల్ల, ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషి చీర కుచ్చిళ్లూ పట్టి లాగేది. ఇంటివాళ్లు "వద్దురా, ఇడువురా" అంటూనే పడీపడీ నవ్వేవాళ్లు. మాట తిట్టే, ముఖం మాత్రం చప్పట్లు కొడుతోంది. పిల్ల ముఖాన్నే నమ్మింది. ఆ ఇంట్లో నేను కుక్కకు ఏమీ నేర్పలేదు. కుచ్చిళ్లు పట్టగానే కదలకుండా స్తంభంలా నిలబడి, గోడవైపు చూడమని, వదిలాక నమలడానికి తాడుముక్క ఇవ్వమని ఇంటిల్లిపాదికీ నేర్పాను. అందరిలోకీ కష్టమైన విద్యార్థి ఆ ఇంటి పెద్దాయన. ఆయనకు నవ్వు ఆగేది కాదు.

మా పెద్దమనిషి ఖాజా భాయ్

దుకాణం యజమాని ఖాజా భాయ్ నా మొదటి, చివరి గురువు. కుక్కల గురించి ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. ఆయన ఇంట్లో దఖ్ఖనీ ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడేవారు. కోపం వస్తే రెండూ కలిపేవారు. ఆయనలో నాకు నచ్చని గుణాలు ఉన్నాయి. ఏ కొనుగోలుదారుకూ కాదని చెప్పరు. రోజంతా తాళం వేసి ఉండే ఇంటికి కూడా పిల్లను పంపేవారు. అది తప్పని ఆయన ముఖం మీదే చెప్పాను, ఇప్పుడూ చెబుతాను. కానీ ప్రశ్న వేయడంలో ఆయనకు సాటి లేరు.

చేరిన తొలి రోజుల్లో భూపాలపల్లి నుంచి సమ్మయ్య అనే బొగ్గుగని కార్మికుడు ఫోన్ చేశాడు. "మేడం, మా కుక్క ఓ వారం దేవత, ఓ వారం దయ్యం. వారమంత మంచిగుంటది, మల్ల వారం ఇల్లంత ఆగమాగం జేస్తది. మందేమన్న ఉన్నదా?" అన్నాడు. నేను రెండుసార్లు వెళ్లి వచ్చి, కుక్కకు స్థిరత్వం లేదని తీర్మానించాను.

ఖాజా భాయ్ విని, టీ ఊదుకుంటూ, "ఆయనకు డ్యూటీ ఎప్పుడు బేటీ?" అని అడిగారు.

అప్పుడు వెలిగింది. ఆ ఇంట్లో డ్యూటీ వారం వారం మారుతుంది. డ్యూటీతో పాటు వంట మారుతుంది. వంటతో పాటు కుక్క తిండి మారుతుంది. తిండి వేళ మారితే తక్కినదీ మారదా? సమ్మయ్య ఏ షిఫ్టులో ఉన్నా కుక్కకు మాత్రం ఒకే వేళకు తిండి పెట్టమన్నాం. దయ్యం వారం మళ్లీ రాలేదు. సమ్మయ్య ఫోన్‌లో పెద్దగా నవ్వి, "అంటే మా ఇంట్ల డ్యూటీ మారంది గీ కుక్కకొక్కదానికే! దీని అదృష్టం నాకు లేకపాయె" అన్నాడు.

ఆ కథనుంచి నేను పూర్తి పాఠం నేర్చుకున్నానని అనుకున్నాను. సగమే నేర్చుకున్నానని నర్సింహులపేట చెప్పింది.

నర్సింహులపేటలో నేను గెలిచిన వాదన

మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేటలో మల్లవ్వ ఇల్లు. కొడుకు లారీ డ్రైవరు, నెలలో ఎక్కువ రోజులు దారిలోనే ఉంటాడు. కోడలు రజిత ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పెళ్లై మూడేళ్లయినా ఆ ఇంటి సామాను, వంట, పండుగ అన్నీ అత్త ఇష్టప్రకారమే. రజిత తనంతట తాను కోరి తెచ్చుకున్నది ఒక్కటే: మూడు నెలల తెల్లని బొచ్చుకుక్కపిల్ల, జున్ను. బచ్చన్నపేటలో ఎవరో పెంచుతున్నారని తెలిసి, బస్సులో వెళ్లి సంచిలో పెట్టుకుని తెచ్చుకుంది.

నేను వెళ్లేసరికి మల్లవ్వ వాకిట్లోనే ఎదురైంది.

"రా బిడ్డా, చూడు. ఇల్లంత ఉన్నది, దొడ్డి ఉన్నది, బజారున్నది. అన్నీ ఇడిసిపెట్టి, నేను సాన్పి చల్లి గడపకాడ అలుకంగనే వచ్చి గాడనే పోస్తది. అండ్ల శుక్రవారం గూడ! నన్ను ఉడికిచ్చెతందుకే చేస్తాంది."

సాన్పి అంటే తెల్లవారగానే వాకిట్లో చల్లే పేడనీళ్లు. మల్లవ్వ ఇంట్లో లోపల టైల్స్ వేశారు, దొడ్డికి సిమెంటు చేయించారు. కానీ గడప ముందు మూడు జానల నేలను మాత్రం ఆమె మట్టిగానే ఉంచుకుని రోజూ పేడతో అలుకుతుంది. ఆమె దినచర్యలో పూజ అక్కడినుంచే మొదలవుతుంది.

"అవ్వా, మిమ్మల్ని ఉడికించాలనే ఆలోచన కుక్కకు ఉండదు" అన్నాను.

"నీకెట్ల ఎరుక? నువ్వేమన్న దాని కడుపుల జొచ్చి చూసినవా?"

నిజానికి అది చాలా మంచి ప్రశ్న. పోటీలో అయితే ఆ ప్రశ్నకు నేనే మార్కులు వేసేదాన్ని. అక్కడ మాత్రం మూడు వాదాలతో ఖండించాను: పగకు జ్ఞాపకం కావాలి, పథకం కావాలి, ప్రయోజనం కావాలి, మూడు నెలల పిల్లకు ఇవేవీ లేవు. మల్లవ్వ చేతులు జోడించింది.

"నీ నోటికి దండం తల్లీ. ఇగ చెప్పుడు ఆపి చేసి చూపెట్టు. రెండు శుక్రవారాలు చూస్త. రెండో శుక్రవారం గూడ నా గడపకాడ పోసిందో, కొడుకొచ్చినంక లారీల ఎక్కిచ్చి పంపుత. యాడనో ఇడిసొస్తడు."

లోపల నడుస్తున్న కుట్టుమిషను ఆగింది. జున్ను రజిత పాదం మీద తల పెట్టుకుని నిద్రపోతోంది.

నమ్మని చోట రాయడమెందుకు

పద్ధతి ప్రకారం రజితకు ఒక నోటుపుస్తకం ఇచ్చాను. ఎప్పుడు లేచింది, ఎప్పుడు తిన్నది, ఎప్పుడు దొడ్లోకి తీసుకెళ్లింది, అన్నీ రాయమన్నాను. వారం తర్వాత, మొదటి శుక్రవారం వెళ్లి చూశాను. గదుల్లో ఒక్క చుక్క లేదు, పగలు నల్లా వచ్చాక బజారులో తడిసిన మట్టి మీద పోస్తోంది. అది నా శిక్షణ ఫలితమేనని మనసులో రాసుకున్నాను. గడప ముందు మాత్రం ఏడు రోజులకు ఏడుసార్లు. ఆ పొద్దున కూడా.

పుస్తకంలో ప్రతి ఉదయం ఒకే వాక్యం ఉంది: "లేవంగనే దొడ్లకు తీస్కపోయిన. చాలసేపు నిలవడ్డ. పోయలే."

చిన్న పిల్ల రాత్రంతా నిద్రపోయి లేచాక అంతసేపు ఆపుకోవడం అసాధ్యమని నాకు తెలుసు. కనుక వాక్యం అబద్ధం. కనుక రజిత లేవడం లేదు. తర్కంలో ఎక్కడా పగులు లేదు. ఎదుటివారి మాటలో వైరుధ్యం దొరికితే సభలో వక్తకు కలిగే సంతోషమే నాకూ కలిగింది. దాన్ని మల్లవ్వ ముందే బయటపెట్టాను.

"రజితా, ఇది సాధ్యం కాదు. పొద్దున నువ్వు దీన్ని దొడ్లోకి తీసుకెళ్లడం లేదు."

"నేను రాసిందంత నిజమే మేడం. దొడ్ల నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయి. అది పోస్తలేదు, నా మొఖం చూసుకుంట కూసుంటది."

"పొద్దెక్కినంక లేస్తే అది మాత్రం ఎంతసేపు ఆగుతది?" అని మల్లవ్వ అందుకుంది. ఆమెకు నేను కొత్త ఆయుధం ఇచ్చాను.

రజిత పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. "తీస్కపోండ్రి. నమ్మనికాడ రాసుడెందుకు?"

మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఇంట్లో ఆమె పక్షాన మాట్లాడటానికి వచ్చిన ఒకే ఒక్క మనిషిని నేను. ఆమె మీద నేరారోపణ చేసి బయటపడ్డాను. జున్నుకు ఇంకా ఏడు రోజుల గడువు ఉంది.

దుకాణానికి వెళ్లి ఖాజా భాయ్‌కు జరిగింది చెప్పాను, నా తర్కంతో సహా. ఆయన నిదానంగా విన్నారు.

"అరె బేటీ, నువ్వు అత్తను గెల్చినవ్, కోడల్ని గెల్చినవ్. జర చెప్పు, పిల్ల యాడ పుట్టింది?"

"బచ్చన్నపేటలో."

"ఊరు కాదు. ఏ జాగల పుట్టింది? కాళ్ల కింద ఏమున్నది?"

నాకు తెలియదు. ఇంటివాళ్లను యాభై ప్రశ్నలు అడిగిన నేను ఈ ఒక్కటి అడగలేదు.

"మరి ఆ పోరి నిజం రాసిందనుకో. అప్పుడేమైతది?" అని ఆయన దాణా బస్తాలు సర్దుకోవడానికి లేచారు.

ఎదుటివారి మాట నిజమైతే ఏమవుతుందని ఒక్కసారి ఊహించుకోమని వాదవివాదంలో మాకు మొదటి రోజే నేర్పారు. ఆ పాఠాన్ని పోటీల్లో గెలవడానికి వాడాను కానీ, మనిషిని నమ్మడానికి ఎన్నడూ వాడలేదు.

బచ్చన్నపేట కొట్టం

మర్నాడు తెల్లవారేసరికి బచ్చన్నపేట చేరాను. జున్నును ఇచ్చిన యాకమ్మది పత్తి రైతు కుటుంబం. కుక్కపిల్లలను పెంచేది పశువుల కొట్టంలో. జున్ను తోడబుట్టినవి రెండు ఇంకా అక్కడే ఉన్నాయి, గంప కింద.

నేను చూస్తుండగానే యాకమ్మ బకెట్లో పేడ కలిపి కొట్టం ముందు నేలంతా చల్లింది. తర్వాత గంప ఎత్తింది. రెండు తెల్లని ఉండలు దొర్లుకుంటూ వచ్చి, పొడినేలను దాటి, తడిసిన పేడనేల మీద కాళ్లు పెట్టి, పక్కపక్కనే నిలబడి తృప్తిగా పోశాయి.

"యాకమ్మక్కా, వీటికి ఇది ఎవరు నేర్పారు?"

"నేర్పుడేంది బిడ్డా? దుమ్ము లేవకుంట రోజు నేను చల్లుత. చల్లినంక గంప ఎత్తుత. కాళ్లకు సల్లగ తాకంగనే అవి పోస్తయి. మస్తు తెలివైనయి, పొడిజాగల అస్సలు పోయయి."

నేను అక్కడే పశువుల తొట్టి అంచు మీద కూర్చుని నవ్వాను. ఒకే వేళ, ఒకే చోటు, ఒకే తీరు నేల. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పే పాఠాన్ని యాకమ్మ పాఠమని కూడా తెలియకుండానే పూర్తిచేసి పంపింది. ఏ పిల్లయినా తొలి వారాల్లో తన పాదాలకు తగిలిన నేలనే ఆ పనికి తగిన చోటుగా గుర్తుపెట్టుకుంటుంది. జున్నుకు పేడనీళ్లతో తడిసిన మట్టే మరుగుదొడ్డి. నర్సింహులపేట ఇంట్లో టైల్స్ అది కాదు. సిమెంటు దొడ్డి అది కాదు. అందుకే అక్కడ ఎంత కష్టమైనా ఆపుకుంది. మల్లవ్వ చేతుల మీదుగా ప్రతి ఉదయం శుభ్రంగా సిద్ధమయ్యే చోటు ఒక్కటే, గడప ముందు మూడు జానల నేల.

జున్ను మొండిది కాదు. నేను చూసినవాటిలో అంత క్రమశిక్షణ ఉన్న కుక్కపిల్ల మరొకటి లేదు. రజిత రాసిన ప్రతి అక్షరమూ నిజం.

రెండో శుక్రవారం

అదే రోజు నర్సింహులపేట వెళ్లాను. ముందు రజిత దగ్గరికి, అదీ మల్లవ్వ వినేలా: "తప్పు నాది. నువ్వు రాసింది అక్షరాలా నిజం. నేను నమ్మకుండా మాట్లాడాను." తప్పు ఏ గదిలో చేశామో ఆ గదిలోనే ఒప్పుకోవాలి, పక్కకు పిలిచి చెవిలో చెప్పే క్షమాపణకు విలువ లేదు. రజిత తలెత్తి, "పుస్తకం తెచ్చిండ్రా?" అంది. సంచిలోంచి తీసి ఇచ్చాను.

మల్లవ్వకు కొట్టం సంగతి చెప్పాను. ఈసారి వాదించలేదు, చూసింది చూసినట్టు చెప్పాను.

ఆమె జున్ను వైపు తిరిగింది. "అంటే ఇది నన్ను ఉడికిస్తలేదు. నేను దీనికి జాగ తయారు జేసి పెడుతున్న!"

"అవునవ్వా. ఇక దొడ్లో ఒక మూల మట్టి పోసి, పొద్దున ముందుగా అక్కడ సాన్పి చల్లితే..."

"ఏమన్నవ్?" గొంతు మారింది. "గడప కంటె ముందుగాల కుక్కకు చల్లాల్నా? నా పానం పోయినా చెయ్య."

అక్కడ నాకు కనీసం నాలుగు సమాధానాలు సిద్ధంగా ఉన్నాయి. మింగేశాను. ఆమె ఉదయం వరుసను తప్పుపట్టే హక్కు నాకు లేదు. అప్పుడు రజిత అంది: "అత్తమ్మా, మీరు ముంగట చల్లుండ్రి. అదే యాళ్లకు నేను ఎనుక చల్లుత. ముందు ఎనుక అనేదే ఉండది."

మల్లవ్వ ఆలోచించింది. "నా బకెట్ ముట్టొద్దు మరి."

"వేరే బకెట్ తీసుకుంట."

"సరే."

తొమ్మిదేళ్లలో నేను విన్న అతి ఉత్తమమైన శిక్షణా ప్రణాళిక అది. అందులో నా మాట ఒక్కటీ లేదు.

దొడ్లో గంపెడు ఎర్రమట్టి పోశాం. మొదటి నాలుగు రోజులూ జున్ను రెండు వాసనల మధ్య తికమకపడింది. రెండుసార్లు రజిత చేతిలోంచి జారి గడపకే పరుగెత్తింది. శుక్రవారం తెల్లవారేసరికి నేను దొడ్లో ఉన్నాను. వీధివైపు నుంచి మల్లవ్వ చల్లుతున్న సాన్పి చప్పుడు వినిపిస్తోంది. జున్ను ఆ వైపు తల తిప్పి, ముక్కు ఎగరేసింది. రజిత మెడతాడు గట్టిగా పట్టుకుంది. పిల్ల ఒక అడుగు అటు వేసింది, ఆగింది. మళ్లీ ఇటు తిరిగింది. తడిమట్టి మీద ముందుకాళ్లు పెట్టింది, వెనుకకాళ్లు పెట్టింది, వంగింది.

రజిత సంతోషంతో నోరు తెరవబోతే భుజం నొక్కి ఆపాను. మధ్యలో మెచ్చుకుంటే సగంలో ఆపి ఆటకు వస్తుంది. మిగతా సగం ఎక్కడ పోస్తుందో చెప్పలేం. పూర్తయింది. అప్పుడు ఆ ఇద్దరి గంతులు చూడాలి.

వీధివైపు నుంచి కేక వచ్చింది: "పోసిందానే?"

"పోసింది అత్తమ్మా!"

"మొత్తమా?"

"మొత్తం!"

మల్లవ్వ చేతులకు పేడతోనే ఇల్లంతా దాటి వచ్చి, మట్టిని, కుక్కను, నన్ను వరుసగా చూసింది. "రోజు రెండు బకెట్ల పేడంటే యాడికెల్లి తేవాలె? కొడుక్కు ఫోన్ జెయ్యి రజితా, లారీ ఖాళీగ రావద్దని చెప్పు."

తర్వాత రెండు నెలల్లో పేడ కొంచెం కొంచెంగా తగ్గించి, వట్టి తడిమట్టికి, తర్వాత పొడిమట్టికి మార్చాం. జున్ను ఆ ఇంట్లోనే ఉంది. నోటుపుస్తకం నిండాక రజిత రెండోది కొన్నది. అందులో నాకు సంబంధం లేని సంగతులు కూడా రాసుకుంటుందట.

ఇప్పుడు మీ వంతు

కొత్తగా ఈ పనిలోకి వచ్చే మీకు తెలివి తక్కువ కాదు. అదే నా భయం. తెలివైనవాళ్లకు వైరుధ్యం త్వరగా కనిపిస్తుంది, అబద్ధమనే ముద్ర ఇంకా త్వరగా దొరుకుతుంది. మీరు తప్పుగా తీర్పు చెబితే మీకు పోయేదేమీ ఉండదు. ఆ ఇంట్లో ఒక పిల్ల లారీ ఎక్కుతుంది, ఒక మనిషి మాట్లాడటం మానేస్తుంది.

కనుక మిమ్మల్ని కోరేది ఇది. ఈసారి ఎవరైనా ఫోన్ చేసి "ఈ కుక్క చెప్పిన మాట వినదు" అన్నప్పుడు, ఆ ఇంటికంటే ముందు అది పుట్టిన చోటికి వెళ్లండి. తెల్లవారే వేళకు వెళ్లండి, అక్కడి నేలను ముట్టి చూడండి. తర్వాత, ఆ పిల్లను రోజూ బయటికి తీసుకెళ్లే మనిషి ఎదుట కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మీకు అసాధ్యమనిపించిన వాక్యాన్ని కొట్టేయకండి. దాని కింద గీత గీసి, ఆ గీత దగ్గర్నుంచే పని మొదలుపెట్టండి.